ఒడిశా వెళ్దాం, మన కళ్ళతో చూద్దాం

వలిసె పూలు పూసే రోజుల్లో మా అరకు ఘాట్ రోడ్డు నిండా కార్లే. పట్నం నుంచి వచ్చినవాళ్ళు బొర్రా గుహలు చూస్తారు, బొంగు చికెన్ తింటారు, మన ఆడవాళ్ళు థింసా ఆడుతుంటే ఫోన్లలో పట్టుకుంటారు, కాఫీ పొడి కొనుక్కుని సాయంత్రానికి కొండ దిగిపోతారు. చూడడానికి వచ్చేది వాళ్ళు, చూపులకు నిలబడేది మనం. ఇరవై ఏళ్ళకు పైగా గిరిజన బడుల్లో పాఠాలు చెబుతున్నాను. మన పిల్లలకు ఒక ఊరు చూడడానికని ప్రయాణం కట్టే అలవాటు లేదు. మనం కొండ దిగితే కూలికి దిగుతాం, లేదా ఆస్పత్రికి, పరీక్షకు, కోర్టు పనికి. ఊరికే చూసి రావడానికి, తిని రావడానికి వెళ్ళడమనేది మనది కాని పనిగా మిగిలిపోయింది.

మొన్న దసరా సెలవుల్లో నేను, మా బడిలోనే పనిచేసే ఇంకో టీచరమ్మ, విశాఖలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు కలిసి వారం రోజులు ఒడిశా తిరిగి వచ్చాం. దూరం కాదు కదా, పక్కనే. అడవీ ఉంది, సముద్రమూ ఉంది. 62 గిరిజన తెగలున్న రాష్ట్రం అది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనంలో నూటికి దాదాపు 23 మంది ఆదివాసులే. వెళ్ళి ఏం చూడాలో, ఏం తినాలో మన యువతకూ, తోటి ఉపాధ్యాయులకూ చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కోరాపుట్: ఇంటిపేరు చెబితే చాలు

విశాఖ నుంచి వచ్చే కిరండూల్ పాసింజరు అరకులో ఎక్కితే పాడువా, మాచ్‌ఖండ్ రోడ్డు స్టేషన్ల మీదుగా కోరాపుట్ చేరుస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎక్కడ ఆంధ్ర అయిపోయిందో, ఎక్కడ ఒడిశా మొదలైందో తెలియదు. అవే కొండలు, అవే మెట్ట పొలాలు, అదే పసుపు రంగు వలిసె తోట. స్టేషన్ బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా మారినప్పుడే గీత దాటామని తెలుస్తుంది.

మేం కోటియా వాళ్ళం. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. కోరాపుట్‌లో దాన్ని దేశియా అంటారు. అక్కడి కొండల్లో పోర్జాలు, గదబలు, కోందులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఆ భాషే వాడతారు. మా మేనల్లుడు విశాఖ హాస్టల్లో చేరాక ఆ భాష మానేశాడు. ఫోన్లో నేను మన మాటలో పలకరిస్తే తెలుగులో జవాబిస్తాడు, పక్కన ఎవరో ఉన్నారని.

పొట్టంగి వైపు వెళ్ళే దారిలో కుందులి సంత ఉంది. చాలా పెద్ద సంత. కూరగాయలు కొనడానికి విశాఖ నుంచి కూడా వ్యాపారులు లారీలు వేసుకొస్తారు. అక్కడ ఒక పెద్దావిడ అల్లం, వెదురు కొమ్ములు అమ్ముతోంది. వాడు తెలుగు, హిందీ కలిపి ధర అడిగాడు. ఆవిడకు అర్థం కాలేదు. నేను మన మాటలో అడిగితే ముఖం విప్పారింది. ఏ ఊరు, ఏ వంశం అని అడిగింది. పాంగి అని చెప్పాను. పాంగి అంటే గద్ద. వాళ్ళదీ పాంగియే. ఒకే వంశమైతే అక్కచెల్లెళ్ళ వరస కదా. పక్కన పెట్టుకున్న ఆనపకాయ బుర్రలోంచి అంబలి అడ్డాకు డొప్పలో పోసి ముగ్గురికీ ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది.

కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, గొల్లోరి అంటే కోతి, వంతాల అంటే పాము. ఈ ఇంటిపేర్లన్నీ కొద్దిగా పలుకు మారి కోరాపుట్‌లో ఖొరా, ఖిల్లో, గొలారి, హంతాళ్ అని వినిపిస్తాయి. పాడేరు, అరకు పిల్లలు వెళ్తే తమ ఇంటిపేర్లే అక్కడి దుకాణాల బోర్డుల మీద కనిపిస్తాయి. రాష్ట్రాల గీత గీసినప్పుడు మన వంశాలను ఎవరూ అడగలేదు. ఈ ఒక్క సంగతి తెలియడానికైనా మన పిల్లలు కోరాపుట్ చూడాలి. మా వాడు ఆ సంతలో గంట సేపు ఆవిడ పక్కన కూర్చుని మన మాటలోనే మాట్లాడాడు. మొదట్లో తడుముకున్నాడు, తరవాత ధారగా వచ్చింది. నేను ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

కోరాపుట్ పట్నంలో జగన్నాథుడి గుడి పక్కన గిరిజన మ్యూజియం ఉంది. అక్కడి నుంచి దేవమాలి కొండకు వెళ్ళవచ్చు. 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలోకెల్లా పెద్ద శిఖరం అదే. పైదాకా రోడ్డు పడింది. తెల్లవారుజామున వెళ్తే మేఘాలు కాళ్ళ కింద ఉంటాయి. మనకు కొండలు కొత్త కాదు గానీ, ఒక పక్క మన కొండలూ మరో పక్క వాళ్ళ కొండలూ కలిసిపోయి కనిపించడం కొత్తే.

డుడుమా: అందమూ, మునకా

మన వైపు మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నది ఒడిశా సరిహద్దులో డుడుమా దగ్గర 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతుంది. వానాకాలం అయిపోయాక అక్టోబరులో చూడాలి. ఆ నదే కింద సీలేరు అవుతుంది. కోరాపుట్‌లో పుట్టిన కొలాబ్ శబరి అవుతుంది. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. భూగోళం పాఠంలో నదుల పేర్లు బట్టీ పట్టించే బదులు ఈ దారి వేలితో గీసి చూపిస్తే పిల్లలకు ఎప్పటికీ గుర్తుంటుంది.

డుడుమా నీటితోనే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం నడుస్తుంది. 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా రెండూ కలిసి కట్టాయి. దాని కోసం పైన జలాపుట్ దగ్గర నీళ్ళు నిలబెట్టినప్పుడు మునిగిన ఊళ్ళు ఎక్కువగా ఆదివాసులవే. ఇప్పుడు ఆ నీళ్ళ అందం చూసి ఫోటో దిగుతారు. దిగవద్దని నేను అనను. మేమూ దిగాం. కానీ మన పిల్లలు ఆ గట్టు మీద నిలబడినప్పుడు కింద ఊళ్ళున్నాయని తెలిసి నిలబడాలి. టూరిస్టు కరపత్రాల్లో ఆ మాట ఉండదు. చెప్పాల్సింది మనమే.

సంతలో మనిషి సరుకు కాదు

డుడుమాకు దగ్గర్లోనే ఒనకడెల్లి. గురువారం సంత. బొండా కొండల నుంచి బొండా ఆడవాళ్ళు నడిచి దిగుతారు. మెడ నిండా పూసలు, కంటెలు, చీపుర్లు, అడవి సరుకు, కల్లు కుండలు. మేం వెళ్ళిన రోజు ఒకాయన ఇంత పొడుగు కెమెరా పట్టుకుని ఒక ముసలమ్మ ముఖానికి జానెడు దూరంలో నిలబడ్డాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పక్కకు జరిగి మళ్ళీ తీశాడు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. అప్పుడు ఇరవై రూపాయల నోటు ఆమె ముందు పడేశాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

బొండా, డోంగ్రియా కోందు వంటి ఆదిమ తెగల దగ్గరికి విదేశీ పర్యాటకులు వెళ్ళడం మీద, ఫోటోలు తీయడం మీద ఒడిశా ప్రభుత్వం 2012లోనే ఆంక్షలు పెట్టింది. చట్టం ఉన్నా లేకపోయినా మన మర్యాద మనకు ఉంది. అడిగి తియ్యాలి. వద్దంటే మానాలి. సరుకు కొంటే బేరం ఆడకుండా కొనాలి. మనల్ని చూడడానికి వచ్చినవాళ్ళు మనతో ఎలా ఉండాలని కోరుకుంటామో, మనం వెళ్ళిన చోట అలా ఉండాలి. మనం కూడా ఆదివాసులమే కాబట్టి ఏం చేసినా ఫరవాలేదని అనుకోకూడదు. ఫోన్ చేతిలో ఉన్న మన కుర్రాళ్ళకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను.

ఒనకడెల్లి లాంటిదే రాయగడ జిల్లాలో చటికొన సంత. బుధవారం జరుగుతుంది. నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కోందులు అనాస, పసుపు, నారింజ తెస్తారు. ఆ కొండను బాక్సైట్ తవ్వకానికి ఇవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 ఊళ్ళ గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మన బొర్రా, అనంతగిరి వైపు గనుల లీజుల గొడవలోంచి 1997లో వచ్చిన సమతా తీర్పు మన పిల్లలకు తెలుసు, తెలియాలి. ఆ పక్కనే నియమగిరి పాఠం కూడా చెప్పండి. చటికొన సంతలో అనాసపండు కొనుక్కుని తింటూ ఆ కొండను చూస్తే, ఆ కాయ ఇంకా ఎందుకు కాస్తోందో తెలుస్తుంది.

రాత్రి రైలు, పొద్దున్నే పఖాళ

కోరాపుట్‌లో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాయగడ, విజయనగరం, బరంపురం మీదుగా తెల్లారేసరికి భువనేశ్వర్. అక్కడ సీఆర్పీఎఫ్ కూడలి దగ్గరున్న గిరిజన మ్యూజియం తప్పక చూడండి. నగలు, ఆయుధాలు, వాయిద్యాలు, సవర గోడ బొమ్మలు తెగల వారీగా పెట్టారు. మ్యూజియాల్లో నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉంటుంది. మా ఇంట్లో అటక మీద ఉన్న వస్తువు అద్దాల బీరువాలో ‘పూర్వకాలపు’ అన్న చీటీతో కనిపిస్తుంది. మా వాడు ఒక చేపల బుట్ట చూసి, ‘అత్తా, తాత మొన్నే కదా దీంతో చేపలు పట్టాడు’ అన్నాడు. నవ్వుకున్నాం. కానీ అల్లిక ఎలా వేశారో దగ్గరగా చూడడానికి మాత్రం మ్యూజియం మంచి చోటు. పిల్లలను తీసుకెళ్తే, ఇందులో మీ ఇంట్లో ఇప్పటికీ వాడుతున్నవి ఏవో రాసుకోండి అని చెప్పండి. ఏటా జనవరి 26 నుంచి అక్కడ ఆదివాసీ మేళా కూడా జరుగుతుంది.

మధ్యాహ్నం ఒక హోటల్లో పఖాళ తిన్నాం. పఖాళ అంటే మన చద్దన్నమే. అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా పులవబెడతారు. పక్కన పెరుగు, వేయించిన వడియాలు నలిపిన బడి చూరా, కాల్చిన వంకాయ, ఆకుకూర వేపుడు, వేయించిన చేప, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. కంచు పళ్ళెంలో పెట్టారు. చుట్టూ ఆఫీసులవాళ్ళు, కుటుంబాలతో వచ్చినవాళ్ళు సంతోషంగా జుర్రుకుంటున్నారు. మార్చి 20ని పఖాళ దినంగా ఆ రాష్ట్రమంతా పండగలా జరుపుకుంటారు. మన పిల్లలు హాస్టళ్ళలో చద్దన్నం, అంబలి అనే మాట పలకడానికి సిగ్గుపడతారు. మా బడిలో ఒక పాప తన డబ్బా మూత ఎప్పుడూ సగమే తెరిచేది. లోపల సామ అన్నం ఉండేది. రాజధాని నగరంలో డబ్బు పెట్టి చద్దన్నం తినే జనాన్ని ఆ పాప చూస్తే బాగుండుననిపించింది.

చోళ్ళ సంగతీ అంతే. ఒడిశాలో చోళ్ళను మండియా అంటారు. కోరాపుట్ సంతలో తాగిన మండియా పేజ్ మన చోడి అంబలే. ఆ ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి ఆదివాసీ జిల్లాల్లో చోళ్ళు, సామలు పండించేవారికి సాయం చేస్తోంది. చోళ్ళతో లడ్డూలు, పకోడీలు చేసి అమ్మే మహిళా సంఘాల కొట్లు కోరాపుట్‌లో చూశాం. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయాల్లో చేర్చింది. అక్కడి కాళాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ నల్ల జీలకర్రలా చిన్నగా ఉంటుంది, వండితే ఇల్లంతా వాసన. అర కేజీ తెచ్చుకుని ఇంటి దగ్గర పాయసం చేశాను.

ఈ విత్తనాలు ఆఫీసుల్లో నిలవలేదు, ఆదివాసీ ఆడవాళ్ళ గాదెల్లో నిలిచాయి. జైపూర్ దగ్గర పాత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి పోర్జా మహిళ. వందకు పైగా దేశవాళీ వరి రకాలు కాపాడింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూసింది. ఆమె గురించి మన తెలుగు వాచకాల్లో ఒక పాఠం ఉంటే బాగుంటుంది. అది వచ్చేదాకా మనమే నోటితో చెబుదాం.

ఇంకో మాట. ఒడిశా ఉత్తరాన మయూర్‌భంజ్ జిల్లాలో సిమిలిపాల్ అడవి ఉంది. మేం అంత దూరం వెళ్ళలేకపోయాం. అక్కడి ఆదివాసులు చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలను అల్లం, వెల్లుల్లి, మిర్చి, ఉప్పు వేసి నూరి కాయి చట్నీ చేస్తారు. 2024 జనవరిలో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమల పచ్చడి తింటారని మనల్ని వెక్కిరించినవాళ్ళు ఇకముందు దాన్ని సీసాల్లో కొంటారేమో. గుర్తింపు మంచిదే. అయితే ఆ సీసా డబ్బు చెట్టెక్కి చీమలతో కుట్టించుకున్న మనిషి చేతికి వస్తుందా అన్నది చూసుకోవాలి. బొంగు చికెన్ విషయంలో మన దగ్గర ఏం జరిగిందో తెలిసినవాళ్ళం కదా. బొంగు మనది, పొయ్యి మనది, హోటల్ ఇంకొకరిది.

పూరీ: సముద్రం, శబరుల దేవుడు

కొండవాళ్ళకు సముద్రమంటే ఉప్పు, ఎండుచేప. సంతకు వచ్చే ఆ రెండిటితోనే మనకు దానితో చుట్టరికం. పూరీ ఒడ్డున నిలబడితే ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తాయో కనిపించింది. ఇంకో ఆశ్చర్యం ఏమిటంటే, ఒడ్డున పడవలు లాగుతున్న నోలియా బెస్తవాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ పెద్దలు మన తీరం నుంచి వెళ్ళి స్థిరపడ్డారు. కొండ మీద మన ఒరియా మాట, సముద్రం ఒడ్డున తెలుగు మాట. పూరీ బజారులో మాత్రం నా ఆదివాసీ ఒరియా విని ఒక దుకాణదారు, ఇదేం ఒరియా అని నవ్వాడు. ఇది కొండ ఒరియా, మీది తీరం ఒరియా అన్నాను. రెండూ మాటలే.

జగన్నాథుడి కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి. విశ్వావసు అనే శబర నాయకుడు అడవిలో రహస్యంగా నీలమాధవుడిని కొలిచేవాడని, ఆ దేవుడే తరవాత పూరీకి వచ్చాడని అక్కడి గాథ. ఇప్పటికీ దైతాపతులు అనే సేవకులు తాము ఆ శబరుల వంశమని చెప్పుకుంటారు. రథయాత్ర రోజుల్లో, దేవుడికి జ్వరమని తలుపులు మూసిన రోజుల్లో సేవలు వాళ్ళవే. విగ్రహం రాయి కాదు, వేపకర్ర. మన సీతంపేట సవరలకు ఆ కథతో సంబంధం ఎంతో పండితులు తేల్చుకోనీ. దేశమంతా మొక్కే దేవుడి కథలో మొదటి పేజీ అడవిలో ఉందన్నది మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి.

గుడి ఆవరణలో ఆనంద బజారు. కట్టెల పొయ్యి మీద మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండిన అన్నం, పప్పు, కూరలు అక్కడ కొనుక్కుని తింటారు. బంగాళాదుంప, టమాటా వాడరు. కులం చూడకుండా అందరూ ఒకే కుండలోది తినాలన్నది పద్ధతి. అయితే హిందువులు కానివారికి గుడిలోకి ప్రవేశం లేదు. మన పిల్లల్లో క్రైస్తవులున్నారు, మన సొంత దేవతలను మాత్రమే కొలిచేవాళ్ళున్నారు. గుంపుగా వెళ్ళే టీచర్లు ఈ సంగతి ముందే తెలుసుకుని, ఏ పిల్లాడూ గుమ్మం దగ్గర చిన్నబుచ్చుకోకుండా చూసుకోవాలి. ఆ వేళ అందరూ కలిసి సముద్రం ఒడ్డుకు వెళ్ళినా నష్టం లేదు.

పూరీ నుంచి కోణార్క్ గంట ప్రయాణం. 13వ శతాబ్దపు సూర్య దేవాలయం, 24 రాతి చక్రాలు. కొర్రా ఇంటిపేరున్న పిల్లలకు ఇది మీ వంశం గుడి అని సరదాగా చెప్పవచ్చు. ఇంకో వైపు చిలికా. తీపి నీళ్ళు, ఉప్పు నీళ్ళు కలిసిన పెద్ద సరస్సు. సాతపడా దగ్గర పడవెక్కితే ఇరావడీ డాల్ఫిన్లు కనిపిస్తాయి. చలికాలం అయితే వేల పక్షులు. అక్కడ రొయ్యల కూర, ఆవపిండి వేసిన చేపల బెసర తినండి. తీపి కావాలంటే శాల ఆకుల్లో కాల్చిన ఛెనాపోడ, పహాళలో రసగుల్లా. అరిసె పిఠా అడిగితే మన అరిసె చేతికొస్తుంది.

వెళ్ళేవాళ్ళకు

అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. కొండ ప్రాంతానికి మూడు రోజులు, తీరానికి మూడు రోజులు పెట్టుకోండి. కొండ ముందు చూడండి. తీరం చూసిన కళ్ళకు కొండ చిన్నగా కనబడుతుందని భయపడే వయసు మన పిల్లలది. సంతలో తినండి, మహిళా సంఘాల దగ్గర కొనండి, వీలైతే ఆదివాసులు నడిపే ఇళ్ళలో దిగండి. టీచర్లు తల్లిదండ్రుల అనుమతి, పైఅధికారుల అనుమతి కాగితం మీద తీసుకోండి. ప్రతి పిల్లాడినీ ఇంట్లో పెద్దల దగ్గర ఒక ప్రశ్న అడిగి రాసుకుని రమ్మనండి. మన వంశం వాళ్ళు ఆ పక్కన ఏ ఊళ్ళో ఉన్నారు అని. చాలామంది పిల్లలకు ఊరి పేరుతో సహా జవాబు దొరుకుతుంది. ఆ ఊరే మీ ప్రయాణంలో మొదటి మజిలీగా పెట్టుకోండి.